చాప మీద మీరూ కూర్చోండి

2018 జూన్ నెలాఖరులో మస్కట్‌కు కాస్త దూరంగా, సముద్రపు ఒడ్డున ఉన్న కురయ్యాత్‌లో ఒక రోజంతా, అర్ధరాత్రి వేళతో సహా, ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందికి దిగలేదు. అది రికార్డు, రోజూ అలా ఉండదు. కానీ మామూలు వేసవిలోనూ జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు కూలీలతో ఆరుబయట పని చేయించకూడదని ఒమన్‌లో నిబంధన ఉంది. పెద్దవాళ్ళ సంగతే ఇలా ఉంటే రెండేళ్ళ పిల్లను ఏ వేళకు బయటికి తీసుకెళ్తాం? మస్కట్‌లో రూవీ, అల్ ఖువైర్, ఘుబ్రా ఫ్లాట్లలో పెరుగుతున్న మన తెలుగు పిల్లలకు ఏడాదిలో నాలుగైదు నెలలు లోకమంటే ఏసీ హాలు, సోఫా, కారు సీటు, మాల్. అంతే.

అదే ఊళ్ళో అయితే నాయనమ్మ కాళ్ళు చాపుకుని, వాటి మీద పిల్లను కూర్చోబెట్టుకుని ఊపుతూ పాడుతుంది. మేనత్త చెమ్మచెక్క ఆడిస్తుంది. కాస్త పెద్ద పిల్లలు చుట్టూ చేరి గుడుగుడు గుంచం, కాళ్ళాగజ్జె ఆడుతుంటే నడక సరిగ్గా రాని వాడు కూడా మధ్యలో దూరి కూర్చుంటాడు. దాన్ని ఎవరూ క్లాసు అనలేదు, ఫీజు కట్టలేదు. పాట, ఆట, స్పర్శ, నలుగురి మధ్య తన వంతు కోసం ఆగడం, అన్నీ ఒకేసారి అందేవి. మస్కట్‌లోనో సొహార్‌లోనో ఇద్దరే ఉండి బిడ్డను పెంచుకుంటున్న దంపతులకు ఆ పని చేసిపెట్టేవాళ్ళు లేరు. పసిపిల్లల సంగీత, నృత్య క్లాసులు ఇక్కడ పూడుస్తున్నది ఆ లోటునే. అందుకే వాటిని నేను గట్టిగా సమర్థిస్తాను. అయితే ఒక షరతు ఉంది. ఐదేళ్ళ లోపు పిల్లకు క్లాసు అంటే పిల్లను దింపి వచ్చే చోటు కాకూడదు. అమ్మో నాన్నో చాప మీద కూర్చుని, చప్పట్లు కొట్టి, ఇంటికి వెళ్ళాక అదే మళ్ళీ చేయడానికి నేర్చుకునే చోటు కావాలి. ఈ అధ్యాయమంతా ఆ షరతు గురించే.

ముందుగా ఒక ఆశ వదిలేసుకుందాం. మ్యూజిక్ నేర్పిస్తే పిల్లల ఐక్యూ పెరుగుతుందని, లెక్కలు బాగా వస్తాయని బ్రోషర్లలో రాస్తారు. ఈ నమ్మకం 1993 నుంచి ఊపందుకుంది. అమెరికాలో ఫ్రాన్సిస్ రాషర్ బృందం కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మొజార్ట్ సంగీతం వినిపించి, కాగితాన్ని మడిచి కత్తిరిస్తే విప్పాక ఎలా ఉంటుందో ఊహించే తరహా ప్రశ్నలు ఇచ్చింది. వాళ్ళు కాస్త మెరుగ్గా చేశారు. ఆ మెరుగు పావుగంటకు మించి నిలవలేదు. అందులో పసిపిల్లలు ఒక్కరూ లేరు. అయినా ఐదేళ్ళు తిరక్కముందే, 1998లో, జార్జియా రాష్ట్ర గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం సీడీ ఇవ్వాలని ప్రతిపాదించారు. తర్వాత 2013లో హార్వర్డ్ పరిశోధకులు నాలుగేళ్ళ పిల్లలను తల్లిదండ్రులతో కలిపి ఆరు వారాలు మ్యూజిక్ క్లాసుకు రప్పించి పరీక్షిస్తే, తెలివితేటల్లో నికరంగా చెప్పదగ్గ తేడా కనబడలేదు. లెక్కలు రావాలంటే లెక్కలే చేయించాలి. పాట వల్ల వచ్చేది వేరే ఉంది, ఆ వయసుకు అది లెక్కలకన్నా తక్కువదేమీ కాదు.

అదేమిటో తెలియాలంటే కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో చేసిన రెండు ప్రయోగాలు చూడాలి. మొదటిది 2005లో వెలువడింది. ఏడు నెలల పిల్లలకు ఒక డప్పు చప్పుడు వినిపించారు. ఏ దెబ్బా నొక్కి కొట్టకుండా అన్నీ సమానంగా కొట్టిన చప్పుడది. అది వినిపిస్తూ కొందరు పిల్లలను రెండు దెబ్బలకోసారి, కొందరిని మూడు దెబ్బలకోసారి ఎత్తి దించారు. తర్వాత దెబ్బలు నొక్కి కొట్టిన రెండు రకాల చప్పుళ్ళూ వినిపిస్తే, ఎవరు ఏ నడకలో ఊగారో వాళ్ళు ఆ నడకనే ఎక్కువసేపు విన్నారు. తాము ఊగకుండా, ఇంకొకరు ఊగుతుంటే చూసిన పిల్లల్లో మాత్రం ఆ తేడా రాలేదు. తాళం పసివాళ్ళకు చెవితో పాటు ఒంటి ద్వారా పడుతుందన్నమాట. నాయనమ్మ కాళ్ళ మీద ఊపినప్పుడు జరిగేది ఇదే. టీవీలో బొమ్మలు గెంతుతుంటే చూసినప్పుడు జరగనిదీ ఇదే.

రెండో ప్రయోగం 2014 నాటిది, నాకు మరీ ఇష్టమైనది. పద్నాలుగు నెలల పిల్లను ఒకరు ముందుకు తిప్పి ఎత్తుకుని సంగీతానికి తగ్గట్టు ఎగరేస్తారు. ఎదురుగా ఇంకొకరు నిలబడి, కొందరు పిల్లలతో సరిగ్గా అదే తాళానికి ఎగురుతారు, కొందరితో తాళం తప్పి ఎగురుతారు. కాసేపయ్యాక ఆ ఎదుటి మనిషి బట్టలు ఆరేస్తున్నట్టో, బొమ్మ గీస్తున్నట్టో నటిస్తూ చేతిలోవి కింద పడేసుకుంటారు. తమతో కలిసి ఎగిరిన మనిషికి పిల్లలు ఎక్కువసార్లు వెళ్ళి వస్తువు తీసి ఇచ్చారు. ఇంకా మాటలే రాని పిల్ల, తనతో ఒకే తాళంలో కదిలిన మనిషిని తన మనిషి అనుకుంది. కొత్త దేశంలో, కొత్త ముఖాల మధ్య పెరిగే బిడ్డకు ఇంతకన్నా పనికొచ్చే చదువు ఇంకేముంది?

మరి సంగీతం ఫోనులోంచి వస్తే చాలదా? జర్మనీలోని లైప్‌జిగ్‌లో 2009లో ఇది కూడా చూశారు. రెండున్నర నుంచి నాలుగున్నరేళ్ళ పిల్లలను ఒకసారి మనిషితో, ఒకసారి యంత్రంతో, ఒకసారి స్పీకర్‌లో వచ్చే చప్పుడుతో కలిసి డప్పు వాయించమన్నారు. మనిషి పక్కన ఉన్నప్పుడే వాళ్ళ తాళం బాగా కుదిరింది. మీ గొంతు బాగుండకపోవచ్చు, శ్రుతి తప్పవచ్చు. ఆ వయసు పిల్లకు స్పీకర్ ఇవ్వలేనిది మీరు ఇవ్వగలరు.

ఇక క్లాసులో ఏం చేస్తారో చూద్దాం. నేను చూసిన ఒక క్లాసు మస్కట్‌లోని అజైబాలో, చిన్న గదిలో. కింద దళసరి ఫోమ్ మ్యాట్లు, గోడవారగా చెప్పులు. ఏడెనిమిది మంది పిల్లలు, ఒక్కొక్కరి వెనకాల అమ్మో నాన్నో. టీచర్ చేతిలో చిన్న డప్పు. డప్పు మోగినంతసేపూ పిల్లలు నడవాలి, ఆగితే ఆగిపోవాలి. మూడేళ్ళ బాబు ఒకడు సరిగ్గా కాలు ఎత్తిన క్షణంలో డప్పు ఆగింది. వాడు ఎత్తిన కాలు దించలేదు. కింది పెదవి పళ్ళతో నొక్కిపట్టి, రెండు చేతులూ చాచి, ఒళ్ళంతా వణుకుతూ, చూపు మాత్రం టీచర్ చేతి మీద నిలిపాడు. డప్పు మళ్ళీ మోగగానే పరుగు లంకించుకున్నాడు. తనను తాను ఆపుకోవడం మూడేళ్ళ పిల్లవాడికి చాలా కష్టమైన పని. వద్దురా అని నోటితో ఎన్నిసార్లు చెప్పినా కుదరనిది, వాడు ఆటలో తనంతట తాను చేశాడు. రేపు కేజీలో వరసలో నిలబడడానికి, పక్కవాడి చేతిలోది లాక్కోకుండా ఉండడానికి వాడికి కావలసింది ఈ శక్తే. రోజూ ఒక్క ఆట ఆడించే తీరిక ఉంటే ఇదే ఆడించండి. చెంచా, స్టీలు గిన్నె ఉంటే చాలు.

ఆ గదిలోనే రెండున్నరేళ్ళ పాప ఒకతె ఉంది. అమ్మ చున్నీ అంచు వేలికి చుట్టుకుని తలుపు పక్కనే నిలబడేది. గుడ్లప్పగించి చూడడమే తప్ప మ్యాట్ మీదికి వచ్చేది కాదు. వాళ్ళమ్మకు చిన్నతనంగా ఉండేది, డబ్బు వృథా అవుతోందని బాధ కూడా. కానీ ఇంటికి వెళ్ళాక ఆ పాప బొమ్మలన్నిటినీ వరసగా కూర్చోబెట్టి, టీచర్‌లాగే చెయ్యి ఊపుతూ మొత్తం క్లాసు నడిపేదట. చూడడం కూడా నేర్చుకోవడమే. చెయ్యి పట్టి లాగి మధ్యలో నిలబెడితే అది కాస్తా పోతుంది. కొన్ని వారాలు చూడనివ్వండి. మీరు మాత్రం మ్యాట్ మీద కూర్చుని ఆడండి.

నడకతో సంగీతం నేర్పే ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. జెనీవాలో సంగీతం బోధించిన ఎమీల్ జాక్ దాల్‌క్రోజ్ తన విద్యార్థులు వాయించగలుగుతున్నారు గాని కాలప్రమాణం ఒంట్లో లేదని గమనించి, వాళ్ళను లేపి నడిపించాడు. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ మాట, పాట, ఆట, వాయిద్యం కలిపి పిల్లల సంగీత విద్యను తీర్చిదిద్దాడు. ఇవాళ మస్కట్‌లో ఏ పేరుతో క్లాసు నడిచినా దాని వెనక వీళ్ళిద్దరి ఆలోచనలు ఉండవచ్చు.

పేరు కన్నా చూడవలసినవి వేరే ఉన్నాయి. చేరే ముందు ఒక ట్రయల్ క్లాసు అడగండి. ఇవ్వనంటే వేరే చోటు చూసుకోండి. గదిలోకి వెళ్ళగానే నేల చూడండి. ఇక్కడి గదుల్లో ఎక్కువగా టైల్సే, సాక్సులతో పరుగెత్తితే జారతారు. కాళ్ళకు ఏమీ లేకుండా, మ్యాట్ల మీద ఆడించాలి. టీచర్ తన గొంతుతో పాడుతున్నారా, పాటలన్నీ స్పీకర్‌లోంచే వస్తున్నాయా గమనించండి. గొంతుతో పాడే టీచర్ పిల్లల వేగాన్ని బట్టి పాట నెమ్మదించగలరు, ఆపగలరు, ఒక బిడ్డ పేరు పాటలో కలపగలరు. స్పీకర్‌కు అది చేతకాదు. చప్పుడు ఎంత ఉందో కూడా చూడండి. పక్కనున్న మనిషితో మాట్లాడడానికి మీరు గొంతు పెంచాల్సి వస్తే ఆ చప్పుడు పిల్లల చెవులకు ఎక్కువే. రెండేళ్ళ వాళ్ళకు అరగంట చాలు, నాలుగేళ్ళ వాళ్ళకు ముప్పావుగంట. యాన్యువల్ డే డాన్సు కోసం నెలల తరబడి ఒకే పాటకు స్టెప్పులు రుద్దిస్తున్నారంటే అది పెద్దవాళ్ళు ఫోనులో వీడియో తీసుకోవడానికి పనికొస్తుంది, పిల్లల ఎదుగుదలకు పెద్దగా ఒరిగేదేమీ లేదు.

కూచిపూడి, భరతనాట్యం, కర్ణాటక సంగీతం నేర్పేవాళ్ళు ఒమన్‌లో మనకు కొదవ లేదు. మన పిల్లలకు మన కళ రావాలనే తపన గొప్పది. కానీ మూడేళ్ళకే అరమండి భంగిమ పట్టించాలనే తొందర వద్దని నా మాట. ఆ వయసులో నడక, గెంతు, తిరగడం, ఆగడం, చప్పట్లతో తాళం పట్టడం బాగా అలవాటైతే, ఆరేడేళ్ళకు గురువు దగ్గరికి వెళ్ళినప్పుడు అదంతా అక్కరకొస్తుంది. ఐదేళ్ళ లోపు బిడ్డను మీరు తీసుకొచ్చినంత మాత్రాన చేర్చుకోకుండా, ఇంకో ఏడాది ఆగి తీసుకురమ్మనే గురువు దొరికితే వదులుకోకండి.

ఫీజు మాట. రియాళ్ళను రూపాయల్లోకి మార్చి చూసుకుంటే గుండె గుభేలుమంటుంది, నిజమే. అన్నీ పోను మిగిలేది తక్కువైన ఇంట్లో ఈ ఖర్చు పీకల మీదికి రాకూడదు. ఒక్క విడత చేరి, ఆటలన్నీ మీరు నేర్చుకుని, మానేసినా తప్పులేదు. లేదంటే ఒకే బిల్డింగులో ఉండే నాలుగు తెలుగు కుటుంబాలు శుక్రవారం పొద్దున ఒకరి హాల్లో సోఫాలు పక్కకు జరిపి చాప పరవండి. వారానికో అమ్మ, వారానికో నాన్న ఆడించాలి. ఇండియన్ సోషల్ క్లబ్ తెలుగు విభాగం కార్యక్రమాలకు వెళ్తూ ఉంటే ఇలాంటి కుటుంబాలు తేలిగ్గానే పరిచయమవుతాయి. అక్కడి వేడుకల్లో పిల్లలను స్టేజీ ఎక్కించాలన్న తాపత్రయం కన్నా, బతుకమ్మ ఆడేటప్పుడు మూడేళ్ళ పాపను మీ పక్కన వలయంలో నిలబెట్టుకుని చప్పట్లు కొట్టించడం మేలు. అడుగు తప్పితే తప్పనివ్వండి. మనవాళ్ళు తరతరాలుగా పిల్లలకు తాళం నేర్పింది అలాగే.

ఒమన్ వాళ్ళు నేర్పిందీ అలాగే. జాతీయ దినోత్సవాలప్పుడు, పెళ్ళిళ్ళలో కాసిర్, రహ్మానీ డప్పులు మోగుతుంటే మగవాళ్ళు వరసలు కట్టి కత్తులు పట్టి ఆడే రజ్హా చూసే ఉంటారు. ధోఫార్ కొండల బర్అ నృత్యాన్ని యునెస్కో 2010లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో పాడేవాళ్ళు అర్ధచంద్రాకారంగా నిలబడి చప్పట్లు కొడుతుంటే, మధ్యలో ఇద్దరు బాకులు పట్టుకుని ఒకే అడుగుతో ముందుకు, వెనక్కు కదులుతారు. ఈ ఆటలు కనబడినప్పుడు ఫోను తీసి వీడియో పట్టే ముందు బిడ్డను ఎత్తుకుని ఆ డప్పుకు తగ్గట్టు ఊపండి. మన పిల్ల పుట్టి పెరుగుతున్న నేల పాట అది. దానికి కూడా వాళ్ళ ఒంట్లో చోటుండాలి. 1985లో ఒమన్ రాయల్ సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టినప్పుడు, ఆ వాయిద్యాలు ఎన్నడూ ముట్టని ఒమనీ పిల్లలను ఎంచుకుని మొదటి నుంచీ నేర్పించి, 1987లో తొలి కచేరీ చేయించారు. సంగీతం రక్తంలో ఉండాలి, మా వంశంలో ఎవరికీ రాదు అని నిట్టూర్చే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంట్లో చేయవలసింది క్లాసు కన్నా ముఖ్యం, ఎందుకంటే క్లాసు వారానికి ఒకసారే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది నిండిన పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఏదో ఒక విధంగా కదులుతూ ఉండాలి. మూడు, నాలుగేళ్ళ వాళ్ళైతే అందులో ఒక గంట బాగా రొప్పేలా ఆడాలి. తోపుడు బండిలోనో కుర్చీలోనో కట్టిపడేసి ఒక్కసారిగా గంటకు మించి ఉంచకూడదని కూడా అందులో ఉంది. బయట నలభై డిగ్రీలుంటే ఇదంతా ఎలా అని బెంగ పడకండి. పొద్దున పళ్ళు తోమేటప్పుడు ఒక పాట, బొమ్మలు సర్దేటప్పుడు ఒక పాట, నిద్రకు ముందు ఒక పాట పెట్టుకోండి. ఎప్పుడూ అవే పాటలు, అదే వరసలో. పాట మొదలవగానే పిల్లకు తర్వాత జరగబోయేది తెలిసిపోతుంది, పేచీ తగ్గుతుంది. సాయంత్రం హాల్లో ఒప్పులకుప్ప తిరగండి. ఏనుగులా బరువుగా, పిల్లిలా చప్పుడు లేకుండా, పీతలా పక్కకు నడిపించండి. వేగం మీది కాదు, పిల్లది. రెండేళ్ళ పిల్ల చప్పట్లు మీకన్నా తొందరగా కొడుతుంది, ముందు మీరే ఆ వేగానికి వెళ్ళండి. పాటలో చివరి మాట మీరు అనకుండా ఆగి, కళ్ళెగరేసి పిల్ల వంక చూడండి. మాటలు ఇంకా సరిగ్గా రాని పిల్లలు మొదట పలికే మాటల్లో ఈ ఖాళీల్లో పూరించేవి కూడా ఉండవచ్చు. ఇంట్లో తెలుగు, నర్సరీలో ఇంగ్లిషు, లిఫ్టులో అరబిక్ పలకరింపు వింటున్న పిల్లకు తెలుగు పాట తెలుగులోనే పాడండి. పిల్ల భాషలు కలిపేస్తుందని కంగారు పడి మన భాష మానేయకండి.

ఒమన్‌లో ఉన్న తెలుగువాళ్ళందరూ పిల్లలతో ఉన్నవాళ్ళు కాదు. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చి క్యాంపుల్లోనో, ఒకరి ఇంట్లో పని చేస్తూనో ఉన్న అమ్మానాన్నల బిడ్డలు ఊళ్ళో తాతల దగ్గర పెరుగుతున్నారు. ఈ పుస్తకం వాళ్ళకు కూడా. వీడియో కాల్‌లో బాగున్నావా, తిన్నావా అని అడిగితే రెండేళ్ళ పిల్ల ఏం చెబుతుంది? తలుపు చాటుకు పారిపోతుంది. అడగడం మాని ఆడండి. అటువైపు నాయనమ్మ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. ఇటు మీరు చప్పట్లు కొట్టి ఆగాలి, పిల్ల కొట్టాలి, మళ్ళీ మీరు. ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని పాడుతూ పాట చివర తీసేయండి. ఏడాది, రెండేళ్ళ పిల్లలు కూడా ముందే రికార్డు చేసిన వీడియో కన్నా తమకు అప్పటికప్పుడు బదులిచ్చే వీడియో కాల్ నుంచి ఎక్కువ నేర్చుకుంటారని 2017లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా పద్దెనిమిది నెలల లోపు పిల్లలకు తెరలు వద్దంటూనే వీడియో కాల్‌ను మినహాయించింది. పది నిమిషాలు చాలు, కానీ రోజూ ఒకే వేళకు చేయండి. సెలవుకు వెళ్ళి విమానాశ్రయంలో చేతులు చాచినప్పుడు బిడ్డ మిమ్మల్ని గుర్తుపట్టడానికి ఆ చప్పట్లు పనికొస్తాయి.

ఒక హెచ్చరిక. పాటకు, పిలుపుకు, వెనకనుంచి వచ్చే చప్పుడుకు తిరగని పిల్లను మ్యూజిక్ క్లాసులో చేర్చి మారుతుందేమో అని ఎదురుచూడకండి. వెంటనే చెవి పరీక్ష చేయించండి. ఏడాదిన్నర దాటినా ఒక్క మాటైనా రాకపోయినా, ఎవరితోనూ చూపు కలపకపోయినా పిల్లల డాక్టరును అడగండి. ఆటపాటలు వైద్యానికి తోడుగా ఉంటాయి గాని వైద్యం కావు. చప్పుడు ఎక్కువైతే చెవులు మూసుకుని ఏడ్చే పిల్లలుంటారు. వాళ్ళ గురించి టీచర్‌కు ముందే చెప్పి, డప్పుకు దూరంగా తలుపు దగ్గర కూర్చోండి.

జూన్‌లో క్లాసులు ఆగిపోయి, బడులకు సెలవులిచ్చి, అందరం ఊరి ప్రయాణం కడతాం. అప్పుడు క్లాసు పోయిందని దిగులు పడవద్దు. అమ్మమ్మను, పక్కింటి పెద్దమ్మను కూర్చోబెట్టి వాళ్ళకు తెలిసిన ఒళ్ళో ఆటలు, వేళ్ళ ఆటలు, ఉయ్యాల పాటలు అడగండి. రికార్డు చేసుకోండి, కానీ తిరిగి వచ్చాక అది పిల్లకు వినిపించి ఊరుకోకండి. మీరు విని, నేర్చుకుని, మీ గొంతుతో పాడండి. సెప్టెంబరులో మళ్ళీ క్లాసు మొదలైనప్పుడు అందులో ఒకటి టీచర్‌కు కూడా నేర్పండి. పక్కన కూర్చున్న మలయాళీ అమ్మ, ఒమనీ అమ్మ తమ ఇంటి ఆట ఒకటి బయటికి తీస్తారు.